చేవెళ్ల దారిని వెలసిన వీడియో గేమ్ మల్గీలు

హైదరాబాదునుండి బీజాపురమునకు పోవు రాజమార్గము అప్పా కూడలిని దాటి పడమటికి సాగినది మొదలు మన్నెగూడ వఱకు ఇరుప్రక్కల కొమ్మలు కలుపుకొని నిలిచియున్న మర్రిచెట్లకు నేడు లెక్క యున్నది. 900కు పైబడిన ఆ వృక్షములను ఒక్కొక్కదానిని గుర్తించి, పటములపై నమోదుచేసి, రహదారి విస్తరణమునుండి వానిని కాపాడుటకై హరిత న్యాయస్థానము వఱకు నడచిన సజ్జనులు గలరు. వారికి ఈ ప్రాంతమువారందఱును ఋణపడియున్నారు. ఆ దారియందే, మొయినాబాదులోను చేవెళ్లలోను, బస్సు ఆగు చోటికి కూతవేటు దూరమున, రేకుల కప్పు క్రిందనో ఇనుప షట్టరు వెనుకనో పుట్టి, సుమారొక తరము బాలురకు సాయంకాలములను పంచి యిచ్చి, చెప్పకచేయక మాయమైపోయిన వీడియో గేమ్ దుకాణములకు మాత్రము లెక్క చూచినవారు లేరు. స్థానిక చరిత్రలు వ్రాయువారు గుడులను, దర్గాలను, గడీలను, చెఱువు కట్టలను వర్ణింతురు. పిల్లలు రూపాయి బిళ్ళను పిడికిట బిగించుకొని పరుగెత్తిన మల్గీ వారి దృష్టికి రాదు. వచ్చినను అది చరిత్రకు తగిన వస్తువని వారికి తోపదు. తగినదేయని నా విశ్వాసము.

ఈ నేల స్వభావమును ముందుగా తెలిసికొనినగాని ఆ మల్గీల పుట్టుక బోధపడదు. 1908లో మూసీ పొంగి నగరమును ముంచివేసిన పిమ్మట, ఆ యేటికిని దాని తోడియేఱగు ఈసీకిని ఆనకట్టలు కట్టవలెనని నిజాము ప్రభుత్వము సంకల్పింపగా, 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును సిద్ధించినవి. ఆ జలాశయములలోనికి నీరు తెచ్చు వాగులును పొలములును చెడిపోకుండవలెనని 1996 మార్చి 8వ తేదీన నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 111వ సంఖ్య గల ఉత్తర్వును వెలువరించి, పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామములలో కాలుష్యమును కలిగించు పరిశ్రమలను, పెద్ద హోటళ్ళను, నివాస కాలనీలను నిషేధించినది. మొయినాబాదు మండలపు గ్రామములు పెక్కులు ఆ పరిధిలోనివి. చేవెళ్ల వైపువి కొన్ని. నీటికి మేలుచేసిన ఆ ఉత్తర్వు ఈ పల్లెలకు మఱొక రూపమును కూడ ఇచ్చినది. తూర్పున నగరము మేడలపై మేడలు లేపుచుండగా, ఇచట కూరగాయల తోటలును, పూలతోటలును, ఫారంహౌసుల ప్రహరీగోడలును, బస్టాండు ప్రక్కన పొట్టి మల్గీల వరుసలును మిగిలినవి. 2003లో హుస్సేన్‌సాగరపు టొడ్డున ప్రసాద్స్ ఐమాక్స్ తెఱచినప్పుడు నగర బాలురకు చల్లగాలి వీచు గేమింగ్ జోన్ దొరకెను. మా వైపు బాలురకు దొరకినది ఇఱుకైన గది, అందు రెండు మూడు పెట్టెలు, మూలను తల త్రిప్పుచున్న టేబుల్ ఫ్యాను. అయినను ఆ గది మాకు చిన్నదిగా నెన్నడును తోపలేదు.

ఆ పెట్టె మాత్రము సముద్రములు దాటి వచ్చినది. 1972లో అమెరికాలోని అటారీ సంస్థ తెఱపై బంతిని అటునిటు కొట్టించు పాంగ్ అను ఆటను విడుదల చేసెను. 1978లో జపానునందు టైటో సంస్థకు చెందిన తొమొహిరో నిషికాదో స్పేస్ ఇన్వేడర్స్‌ను, 1980లో నామ్కో సంస్థకు చెందిన తోరు ఇవాతాని ప్యాక్‌మ్యాన్‌ను సృష్టించిరి. వాని కీర్తి లోకమంతట మ్రోగుచున్న ఆ కాలమున చేవెళ్ల బాలుడు చిర్రగోనె ఆడుచు, గోలీలు గెలుచుకొనుచు, జాతరలో బయస్కోపు పెట్టెకు కన్నానించి బొమ్మలు చూచుచుండెను. 1982లో ఢిల్లీలో జరిగిన ఏషియన్ క్రీడల వేళకు రంగుల టెలివిజన్ దేశమునకు వచ్చెను. దాని వెంట వీసీఆర్ వచ్చి, ఊళ్ళలో వీడియో హాళ్ళు వెలసి, చాపపై కూర్చుండి అద్దె క్యాసెట్టులో సినిమా చూచు అలవాటు పుట్టెను. 1991 తరువాత దిగుమతుల కట్టుబాట్లు సడలి ఎలక్ట్రానిక్ సామగ్రి చేతికందు వెలకు వచ్చిన పిమ్మట, కిరాయి సైకిళ్ళ దుకాణము, క్యాసెట్ల దుకాణము, ఎస్టీడీ బూతు అనువాని సరసన వీడియో గేమ్ మల్గీ కూడ వచ్చి కూర్చుండెను.

ఇచట ఒక సాంకేతిక విషయము చెప్పక తప్పదు. అది లేకున్న ఈ వృత్తియే పల్లెలకు వచ్చియుండదు. 1985 ప్రాంతమున జపానులోని ఆటయంత్రముల తయారీదారుల సంఘము, ఆట ఏదైనను దాని బోర్డు పెట్టెతో కలియు తీరు ఒక్కటే కావలెనని ఒక ప్రమాణమును నిర్ణయించెను. సంఘము పేరిట దానిని జమ్మా అందురు. ఆ ప్రమాణము పుణ్యమున, ఆట పాతబడినపుడు పెట్టెను పాఱవేయనక్కఱలేక, లోపలి బోర్డును ఊడదీసి మఱొకదానిని తగిలించిన చాలును. కావున పెట్టెను మన వడ్రంగి ప్లైవుడ్డుతో చేయవచ్చును. తెఱకు పాత టీవీ గొట్టము సరిపోవును. వెల గలది బోర్డు ఒక్కటే, అదియు అసలు సంస్థ ముద్ర లేని నకలు దొరకినచో మఱింత చౌక. మల్గీ నడపువాడు పట్నపు బస్సెక్కి, కోఠీలోని గుజరాతీ గల్లీ వంటి బజారులలో హ్యాండిళ్ళను, బటన్లను, తీగలను బేరమాడి తెచ్చుకొనెడివాడు. బోర్డు చెడినపుడు దానిని గుడ్డలో చుట్టి, బస్సు కుదుపులకు దెబ్బ తగులకుండ ఒడిలో పెట్టుకొని పోయి బాగుచేయించుకొని వచ్చెడివాడు. ఇంగ్లీషులో వ్రాసిన మరమ్మతు పుస్తకము చదువలేని ఆ మనుష్యుడు టంకపు కడ్డీ చేతబట్టి, ఏ తీగ ఏ బటనుకు పోవునో చూపుతోడనే గ్రహించుట నేనెఱుగుదును. అది విద్యయే. ఏ కళాశాలయును దానికి పట్టమీయకపోవుటచేత అది విద్య కాకపోదు. నకలు బోర్డులు ధర్మదృష్టితో చూచిన చౌర్యమేయని ఒప్పుకొనవలసినదే. ఆటలు సృష్టించినవారికి మా రూపాయిలలో దమ్మిడీయైనను చేరలేదు. ఆ బోర్డులు రాకుండినచో ఆ సంస్థలు తమంతట తాముగా చేవెళ్లకు వచ్చియుండవనుటయు సత్యమే.

ఇక ఆ గదిలోని కట్టుబాట్లు. వీనిని ఎవరును వ్రాయలేదు, ఎవరును ప్రకటింపలేదు. అయినను ఏ ఊరి మల్గీలోనికి పోయినను ఇంచుమించు అవియే యుండెడివి. రూపాయి వేసినవానిది హ్యాండిల్. చూచువారికి రుసుము లేదు. ఇది మొదటి సూత్రము, నా దృష్టిలో అన్నిటికంటె ఘనమైన సూత్రము. రూపాయి గలవా డొక్కడైనను, వాని భుజములమీదుగా తొంగిచూచు పదిమంది ఆట నేర్చుకొనుచుండిరి. ఏ శత్రువు ఏ మూలనుండి వచ్చునో, ఏ పీపాను పగులగొట్టిన ఆహారము దొరకునో, ఏ బాసును ఎట్లు కొట్టవలెనో వారు చూచియే కంఠస్థము చేసికొనిరి. చేతిలో రూపాయి పడిన దినమున వారు క్రొత్తవారివలె తడబడక స్టేజి వెంట స్టేజి దాటిపోయిరి. ఆటగాడు సంకటమున పడినపుడు వెనుకనుండి పెద్దవాడు చేయి చాచి, "తమ్మీ, ఇటియ్యి, ఈ బాసును నేను కొడ్త" అనుటయు, చిన్నవాడు ఇష్టముననో భయముననో హ్యాండిల్ వదలుటయు ప్రతి సాయంకాలమును జరుగుచుండెను. "అన్నా, నెక్స్ట్ నాది" అని ముందుగా పలికినవానికి వంతు చెల్లును. మాట మీఱినవానిని గుంపు క్షమింపదు. ఇద్దఱి వద్ద చెఱి ఎనిమిదణాలు ఉన్నచో, రెండు కలిపి ఒక రూపాయి చేసి, ఒకడు హ్యాండిలును, రెండవవాడు బటన్లను పట్టి, ఒక్క వీరుని ఇద్దఱు నడపెడివారు. గెంతవలసిన క్షణము ఇద్దఱికిని ఒకేసారి స్ఫురింపవలెను. లేకున్న ప్రాణము పోవును. ఆ ఒద్దికను నేను తరువాత పెక్కు కార్యాలయములలో వెదకితిని, అరుదుగా కనుగొంటిని.

కరెంటు పోయినపుడు ఏమి చేయవలెను? వేసవికాలమున ఇది దినదినమును ఎదురగు ప్రశ్న. తెఱ ఒక్కసారిగా నల్లబడి, ఫ్యాను ఆగి, గదియంతయు ఒక నిట్టూర్పు విడుచును. అప్పుడు మల్గీ యజమాని న్యాయమూర్తి. అప్పుడే బిళ్ళ వేసినవానికి రూపాయి వాపసు. సగము ఆడినవానికి కరెంటు వచ్చిన పిదప మఱొక ఆట. చివరి ప్రాణముతో తూలాడుచుండినవానికి ఏమియు లేదు. ఎవడు ఎన్ని ప్రాణములతో నుండెనో గుంపే సాక్ష్యము చెప్పవలెను. ఆ సాక్ష్యము చాలవఱకు నిజముగనే యుండెడిది, ఏలయనగా నేడు వానికై అబద్ధమాడినచో రేపు తనకై నిజము పలుకువా డుండడు. బిళ్ళకు దారము కట్టి లాగ జూచువారును, గ్యాస్ లైటరు మిణుగురుతో యంత్రమును మోసగింప జూచువారును లేకపోలేదు; పట్టుబడినవానికి కొన్ని దినములు గడప దాటు భాగ్య ముండదు.

ఆటలలో ముస్తఫాకు సాటి వచ్చినది లేదు. జపానుకు చెందిన క్యాప్‌కామ్ సంస్థ 1993లో విడుదల చేసిన ఆ ఆట అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. మార్క్ షుల్ట్జ్ అను అమెరికా చిత్రకారుడు గీసిన బొమ్మల కథనుండి పుట్టినది. జాక్, హన్నా, ముస్తఫా, మెస్ అని నలుగురు వీరులందు. ముగ్గురు ఒకేసారి ఆడవచ్చును. ఎనిమిది ఘట్టములు దాటవలెను. ఆ పొడుగాటి పేరు మా నోటికి రాలేదు, రావలసిన అవసరమును కలుగలేదు. పరుగెత్తి వచ్చి గాలిలోనికి లేచి తన్నగల ముస్తఫా యందఱికిని ప్రియుడయ్యెను, ఆటకు అతని పేరే స్థిరపడెను. ముస్తఫా యను పేరు గల బాలురు మా తరగతులలో కూర్చుండిరి, మా గల్లీలలో తిరిగిరి. ప్రపంచమున ఎక్కడనో చేసిన ఆటలో వీరుడు మన గల్లీలోని వానివలె కనబడుట సామాన్య విషయము కాదు. 1996లో ప్రేమదేశము చిత్రము వచ్చి, ఆ పేరునే పల్లవిగా గల స్నేహగీతమును ఎల్లెడల మ్రోగించిన పిమ్మట, మల్గీలో ఆట నడచుచున్నంతసేపు ఆ పాటను ఈలవేయువాడొక డుండి తీరును. తెలుగు మాటలాడు ఇండ్ల పిల్లలును ఉర్దూ మాటలాడు ఇండ్ల పిల్లలును సమానముగా నున్న ఆ గుంపులో ఒకరి భాష ఒకరి నోట కలిసిపోయి, "మార్ మార్, ఎనకకెల్లి వస్తున్నడు" అని ఒకే అరుపులో రెండు భాషలు పలికెడివి.

1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ రెండవ భాగమును, పిమ్మట 1997 నాటి కింగ్ ఆఫ్ ఫైటర్సును వేఱొక క్రమము తెచ్చినవి. అందు పోరు యంత్రముతో కాదు, ప్రక్కవానితో. గెలిచినవాడు నిలుచును, ఓడినవాడు తప్పుకొనును, తరువాతివాడు రూపాయి వేసి సవాలు చేయును. నేర్పరియైనవాడు ఒక్క బిళ్ళతో పొద్దుగ్రుంకువఱకు ఆడెడివాడు. అట్టివానిపై యజమానికి లోలోపల కోపము, గుంపునకు భక్తి.

పెట్టెల ప్రక్కన కొంతకాలమునకు టీవీ గేములు చేరినవి. నింటెండో సంస్థ 1983లో జపానునందు విడుదల చేసిన ఫ్యామికాము నకళ్ళవి. వేఱువేఱు పేర్లతో బజారున అమ్ముడుపోయెడివి. పసుపుపచ్చని క్యాసెట్టుపై 9999 ఆటలని అచ్చువేసియుండును. తెఱచి చూచిన పదో యిరువదియో, తక్కినవన్నియు వానికే మాఱుపేర్లు. క్యాసెట్టు పట్టకపోయినచో నోటితో ఊది మరల దూర్చవలెను. మారియో, కాంట్రా, బాతులను తుపాకితో కాల్చు డక్ హంట్ అందలి ముఖ్యములు. వీనికి బిళ్ళ లేదు, గంటకింతయని కిరాయి. కిరాయిని నలుగురు పంచుకొని గోడ గడియారము వైపు మాటిమాటికి చూచుచు ఆడెడివారు. ఇంట టీవీ గలవాడు తండ్రిని వేధించి ఒకటి కొనిపించుకొనినపుడు, వాని యిల్లు మల్గీకి పోటీ యయ్యెను. వృత్తి పతనమునకు మొదటి మెట్టు అదియే.

పెద్దలు ఆ మల్గీని ప్రేమింపలేదు. వారి కోపము నిరాధారమని నేననను. అంగీ జేబులోనుండి చిల్లర పోవుటయు, కిరాణమునకని యిచ్చిన రూపాయి దారి తప్పుటయు, బడిగంట మ్రోగిన పిదప సంచితో సహా పిల్లవాడు ఇచట దొరకుటయు ప్రతి వాడలో వినబడిన కథలే. కష్టించి కూలి తెచ్చుకొను తల్లికి ఒక రూపాయి ఆట కాదు. న్యాయస్థానములు కూడ ఈ విషయమును విచారించినవి. 1995లో సుప్రీంకోర్టు కర్ణాటకనుండి వచ్చిన వ్యాజ్యములో, వీడియో గేములాడించు స్థలములను లైసెన్సుతో నియంత్రించు అధికారము ప్రభుత్వమునకు గలదని తీర్పు చెప్పెను. జూదపు పోలికలు గల యంత్రములు నగరములలో ఉండినందున ఆ విచారణ అవసరమే. మా మల్గీలో మాత్రము రూపాయితో కొనినది ఆటయే. గెలిచినవానికి దక్కినది మఱికొంత ఆటయే. ఇంటిల్లిపాదిని అప్పులపాలు చేసిన ఆన్‌లైన్ పందెములను నిషేధించుటకు 2025లో పార్లమెంటు చట్టము చేయవలసివచ్చిన ఈ దినమున, ఆ భేదము స్పష్టముగా చెప్పుట యవసరమని తలంతును.

నిజమైన లోపము వేఱొకటి గలదు, దానిని గూర్చి నాడు ఎవరును కోపింపలేదు. ఆ గదిలో ఆడపిల్ల లేదు. తమ్ముని పిలుచుకొని పోవుటకు వచ్చిన అక్క గడప వెలుపలనే నిలిచి పేరుపెట్టి కేకవేసెడిది. తెఱపై హన్నా అను వనిత ఖడ్గమృగము వంటి శత్రువులను తన్నుచుండగా, ఆమెను చూడవలసిన బాలిక వీథిలో నిలువబడియుండెను. బాల్యమును తలచుకొని మురియువారు, నేనును వారిలో నొకడను, ఆ మురిపెము ఊరి పిల్లలలో సగమునకే చెందినదని మఱువరాదు.

వాని అంతము త్వరితముగనే వచ్చెను. 1998 ప్రాంతమున మొయినాబాదు చుట్టును ఇంజనీరింగు కళాశాలలు వెలసి, విద్యార్థుల వెంట నెట్ సెంటర్లు వచ్చినవి. కౌంటర్ స్ట్రైక్, వైస్ సిటీ ఆటలకు కంప్యూటరు చాలెను. 2003 ఏప్రిల్ 9న నాటి ప్రతిపక్ష నాయకుడు రాజశేఖరరెడ్డి చేవెళ్లనుండి పాదయాత్రకు బయలుదేరిననాటికి పెట్టెలు ముసలివైనవి. 2016లో జియో వచ్చి డేటాను చౌకచేయగా మిగిలిన కొంచెమును తుడిచిపెట్టుకొని పోయెను. 2018లో ఫోనున ఆడు పబ్‌జీ వచ్చెను, 2020 సెప్టెంబరులో కేంద్రము దానిని నిషేధించెను. ఆ రెండు సందర్భములలోను మల్గీకి కలిగిన లాభము గాని నష్టము గాని లేదు, ఏలయనగా మల్గీయే లేదు. 2022లో 111వ ఉత్తర్వులోని ఆంక్షలను తొలగించుచు ప్రభుత్వము మఱొక ఉత్తర్వును వెలువరించెను. భూమి వెల పెరిగిన ఆ దారిలో మల్గీల వరుసలు పోయి స్థిరాస్తి కార్యాలయముల బోర్డులు వెలసినవి.

ఆటలకు మాత్రము చావు లేదు. 1997లో నికోలా సాల్మోరియా అను ఇటలీ దేశస్థుడు ఆరంభించిన మేమ్ అను సాఫ్ట్‌వేర్ మూలమున, బోర్డులలోని వేలకొలది ఆటలు కంప్యూటరున భద్రపడినవి. నాడు మేము చూచిన ముస్తఫా నేడు ఎవని ఫోనునందైనను పరుగెత్తగలడు. యంత్రములోని కార్యక్రమము నిలిచినది, దాని చుట్టు నిలువబడిన మనుష్యుల కట్టుబాట్లు నిలువలేదు. ఫోనున ఆడు బాలునికి వెనుక నిలిచి చూచువారు లేరు, వంతు లేదు, సాక్ష్యము లేదు, బటన్లు పట్టు రెండవ చేయి లేదు. చూచువారికి రుసుము లేని ఆ చిన్న గది, గ్రంథాలయము లేని ఊరిలో ఒక విధమైన సార్వజనిక పాఠశాల యయ్యెను. దానిని గూర్చి ఏ జపాను సంస్థయు వ్రాయదు, ఏ ఇటలీ పండితుడును భద్రపఱపడు. అది మన పని.

కావున చేవెళ్ల, మొయినాబాదు, శంకరుపల్లి, పరిగి వైపుల అట్టి మల్గీని నడపినవారికి నా విన్నపము. మీ యింటి అటుకమీద పాత బోర్డు గాని, హ్యాండిల్ గాని, పెట్టె పలకలు గాని మిగిలియున్నచో తుక్కువానికి అమ్మకుడు. ఊరి పాఠశాలకు ఇండు, అది ఎట్లు పనిచేసెనో పిల్లలకు, ముఖ్యముగా ఆడపిల్లలకు, మీ నోటితోనే చెప్పుడు. చదువరులారా, మీ యెఱుకలో అట్టి యజమాని యున్నచో, ఆయన ఏ యేట దుకాణము తెఱచెనో, బోర్డును ఎంతకు కొనెనో, ఏ దినమున షట్టరు దించెనో అడిగి వ్రాసికొనుడు. ఆలస్యము చేయకుడు.